ఎడమ వైపు అద్దం

ఆ వేసవి సెలవుల్లో అమ్మ నాకొక పని అప్పగించింది. నాన్న మీద ఒక కన్నేసి ఉంచడం.

ఆ పనికి నాకంటే తగినవాళ్ళు మా ఇంట్లో లేరు. నేను నడిస్తే చప్పుడు కాదని చిన్నప్పుడే నాకు పిల్లి అని పేరు పెట్టారు. బడిలో పేరు పిలిస్తే లేచి నిలబడతాను గానీ గొంతు పెగలదు. ఎవరైనా ఇంటికొస్తే తలుపు వెనక ఉంటాను. నా ముందు పెద్దవాళ్ళు ఏదైనా మాట్లాడేసుకుంటారు, గోడ ముందు మాట్లాడుకున్నట్టు. ఆ గోడ పడుకోబోయే ముందు అన్నీ డైరీలో రాసుకుంటుందని అమ్మకి ఒక్కదానికే తెలుసు.

"నీకు నోరెలాగూ లేదు. కళ్ళన్నా వాడు," అంది అమ్మ బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా. "సాయం చేస్తున్నట్టు ఆయన పక్కనే ఉండు. ఎటు వెళ్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, నాకొచ్చి చెప్పు."

"ఎందుకమ్మా?"

"ఎందుకో తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

అమ్మ అనుమానం అంతకుముందు వానాకాలంలోనే మొదలైంది. నాన్నది బడి వ్యాను. అందరికన్నా దూరంలో ఉన్న పిల్లవాడి కోసం తెల్లవారకముందే బయల్దేరి, అక్కడినుంచి ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ బడికి చేరుస్తాడు. సాయంత్రం ఆ పిల్లవాణ్ణే ఆఖరున దింపుతాడు. అక్కడినుంచి మా ఇంటికి పడమరగా తిన్నటి పెద్ద రోడ్డు. ఇదివరకు ఆయన ఇల్లు చేరేసరికి వాకిట్లో ఇంకా ఎండ ఉండేది. ఇప్పుడు దీపాలు వేశాక గానీ రావడం లేదు. అడిగితే ట్రాఫిక్ అంటాడు. ఆ రోడ్డు మీద మేకలు తప్ప ట్రాఫిక్ ఏముంటుందని అమ్మ.

అప్పుడప్పుడూ అమ్మ వ్యాను లోపల వెతికేది. ఒకసారి సీటు కింద పువ్వు బొమ్మ ఉన్న క్లిప్పు దొరికితే తెచ్చి నాన్న టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇదేంటండీ?"

"క్లిప్పు."

"అదే, ఎవరిది?"

"పిల్లల వ్యానులో పిల్లల క్లిప్పు కాక పెద్దపులి పంజా దొరుకుతుందా?" అని నాన్న టీ తాగేసి లేచిపోయాడు.

అమ్మ ఆ క్లిప్పుని పారేయలేదు. గూట్లో దాచింది.

సెలవులిచ్చిన రోజున బడి మేనేజరు నాన్నని గదిలోకి పిలిచాడట. కొత్త వ్యాను కొన్న ఒకతను ఈ పని అడుగుతున్నాడనీ, మీ బండి ముసలిదైపోయిందని పిల్లల తల్లిదండ్రులు అంటున్నారనీ, బడి తెరిచే ముందు రెండు బళ్ళూ చూసి ఎవరో ఒకరికి ఇస్తాననీ చెప్పాడట. ఆ బడి పోతే మా ఇంటికి వేరే ఆధారం లేదు. అది నాన్న చెప్పలేదు, మేం అడగలేదు.

నిజానికి మా వ్యాను ఇంజను బాగానే ఉంది. పసుపు రంగూ బాగానే ఉంది. చెడిందల్లా పైనున్న నల్ల ప్లాస్టిక్ సామాను. ముందూ వెనకా బంపర్లూ, తలుపుల మీది పట్టీలూ, వైపర్ల కింది పలకా, రెండు పక్కలా అద్దాల తొడుగులూ. అన్నీ ఎండకి ఎండి, బూడిద పూసినట్టు తెల్లబడిపోయాయి.

"వయసు తెలిసేది మొహంలోనే," అన్నాడు నాన్న బంపర్ని తడుముతూ. "ఈ మొహం కాస్త నల్లబడితే చాలు, పదేళ్ళు తగ్గుతుంది."

"లోకంలో మొహం నల్లబడాలని కోరుకునేది మీరొక్కరే," అంది అమ్మ.

నాన్న ఆ పని తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ప్రహరీగోడ దాటగానే ఆపేసేవాడు. మళ్ళీ పొద్దువాలాకే. ఎండలో ప్లాస్టిక్ కాలుతూ ఉంటుందట, రాసింది ఎక్కడికక్కడ ఆరిపోయి మచ్చలు పడుతుందట. నేను నమ్మాను. అమ్మ నమ్మలేదు.

"ప్లాస్టిక్కుకి ఎండ పనికిరాదు సరే. మరి పగలంతా కిటికీలు మూసుకుని ఈయన పడుకోవడం దేనికి? ఈయనకీ మచ్చలు పడతాయా?"

నాన్న మొదట ప్రయోగించింది బూట్ పాలిష్. ఇంట్లో ఉన్నదీ, పొరుగింట్లో ఉన్నదీ కలిపి ఒక్క సాయంత్రంలో వ్యాను చుట్టూ పట్టించాడు. చూడ్డానికి ఎంత బాగుందంటే, అమ్మ కూడా ఒక నిమిషం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. నాన్న గుడ్డలు ఉతకడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను వెనక చక్రం దగ్గర కూర్చుని కింద ఒలికింది తుడుస్తున్నాను. అప్పుడే అత్త వచ్చింది.

అత్త నాన్నకి అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆ రోజు లేత గులాబీ రంగు కొత్త బట్టల్లో ఉంది. వస్తూనే వ్యాను తలుపుకి ఆనుకుని, గొంతు తగ్గించింది. అత్త గొంతు తగ్గిస్తే వీధి చివరికి కాకుండా వీధి మధ్య వరకే వినిపిస్తుంది.

"నేను చెప్పానని అనకు. పెద్ద రోడ్డు మీద మూసేసిన పెట్రోలు బంకు లేదూ, దాని పక్క సందులో తమ్ముడి వ్యాను ఆగి ఉంటోంది. ఒక రోజు కాదు. మీ అన్నయ్య చూశారు, పాలవాడు చూశాడు."

"ఆ సందులో ఏముంది వదినా?" అంది అమ్మ.

"ఏముంటుంది, ఒక్కటే ఇల్లు. బట్టలు కుట్టే ఆవిడది. మొగుడు లేడు."

అమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టింది.

"నేనేం అనడం లేదమ్మా. నా తమ్ముడు అలాంటివాడు కాదు. చిన్నప్పుడు చీమని కూడా తొక్కేవాడు కాదు. కానీ చీమలు వేరు కదా," అంటూ అత్త వెళ్ళడానికి అటు తిరిగింది. భుజం నుంచి నడుం దాకా, గులాబీ రంగు మీద, అరచేయంత వెడల్పు నల్ల చార.

"అత్తా," అన్నాను.

"నువ్వెప్పుడొచ్చావే పిల్లీ," అని అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యీ నల్లగానే ఉంది.

అమ్మకి ఏడుపొచ్చే వేళ అది. కానీ అత్త వీపు చూసి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న పరిగెత్తుకొచ్చాడు. అక్క బట్టలు చూసి ఆయన మొహం పాలిపోయింది. అది అక్క కోసం కాదు. "రేపు పిల్లలు తెల్ల యూనిఫారాలతో దీనికే రుద్దుకుంటూ ఎక్కుతారు," అన్నాడు.

"ముందు నా బట్టల సంగతి చూడు," అంది అత్త.

ఆ పాలిష్ అంతా సబ్బునీళ్ళతో కడిగి, పాత పళ్ళ బ్రష్షులతో గీకి తీసేసరికి మా వేళ్ళు నానిపోయాయి. తర్వాత నాన్న స్పేర్ పార్టుల షాపు నుంచి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. తెల్లబడ్డ ప్లాస్టిక్కు లోపలికి ఇంకి నలుపు తెప్పించే నూనె అది, ఆరితే చేతికి అంటదు. కానీ రాసే ముందు పసుపు రంగు అంచులకి కాగితం టేపు అంటించాలి, లేకపోతే రంగు మీద మరక పడుతుంది. టేపు పని నాకిచ్చాడు.

"నీ వేళ్ళు సన్నం, నువ్వైతే తిన్నగా వేస్తావ్."

నాన్నవి కూడా సన్నటి వేళ్ళే. టేపు చుట్ట అందుకున్నాను.

టేపు వేస్తూ వ్యాను చుట్టూ తిరుగుతుంటే నాకో తేడా కనిపించింది. కుడి పక్క పట్టీలు వెలిసి ఉన్నాయి, అంతే. ఎడమ పక్కవి ముట్టుకుంటే సుద్దముక్కలా తెల్లపొడి చేతికి వస్తోంది. అన్నిటికన్నా వింత ఎడమ అద్దం. కిందటి వానాకాలంలో ఒక గేటు స్తంభానికి రాసుకుని పగిలితే నాన్న ఆ తొడుగు కొత్తది వేయించాడు. వేయించిన రోజున అది బొగ్గులా ఉండడం నాకు గుర్తుంది. వ్యాను పుట్టినప్పటి కుడి అద్దానికి ఇంకా కాస్త నలుపు మిగిలుంటే, నిన్నగాక మొన్న వేసిన ఎడమది బూడిదైపోయింది.

"నాన్నా, ఈ కొత్త అద్దమే ఎక్కువ తెల్లబడిందేం?"

నేను ప్రశ్న అడగడమే అరుదు. అయినా నాన్న వెనక్కి తిరగలేదు.

"ఇప్పటి సామాను అంతే. నాసిరకం."

పట్టీలు కొత్తవి కావు కదా అని అడగాలనుకున్నాను. ఇంకో టేపు ముక్క చింపాను.

ఇంటి దగ్గర మా వ్యాను ఎప్పుడూ ఒకేలా నిలబడుతుంది. ఎడమ పక్క గోడ నీడ, సాయంత్రపు ఎండంతా కుడి పక్క మీద. బడి దగ్గర రేకుల షెడ్డులో పెడతారు. మరి ఎడమ పక్కని ఇంతగా కాల్చిన ఎండ ఎక్కడిది? వరండా నేల మీద సుద్దతో పెద్ద రోడ్డు గీసి, గుమ్మం వైపు సూర్యుడు దిగుతున్నట్టు అనుకుని, అగ్గిపెట్టెని వ్యానులా నడిపించాను. ఇంటికి వచ్చేటప్పుడు ఎండ మొహం మీదే పడుతుంది, పక్కల మీద కాదు. అగ్గిపెట్టెని కుడి చేతి వైపు సందులోకి తిప్పి ఆపితే అప్పుడు ఎడమ పక్కంతా ఎండ. మూసేసిన పెట్రోలు బంకు సందు కుడి చేతి వైపే ఉంది.

ఒక రోజూ రెండు రోజుల ఎండ కాదది. అత్త చెప్పింది నిజమే అన్నమాట. అగ్గిపెట్టె తీసి పొయ్యి దగ్గర పెట్టేశాను. అమ్మకి ఏమీ చెప్పలేదు. ముందు ఆవిడని చూడాలనుకున్నాను.

నా పాత గౌను ఒకటి పొట్టిదైపోయింది. అంచు విప్పించుకొస్తానని చెప్పి, సైకిలు మీద వెళ్ళాను. బట్టలు కుట్టే ఆవిడ అందంగా ఉంటుందనుకున్నాను. మా బడిలో లెక్కల టీచరులా ఉంది. పెదాల మధ్య గుండుసూదులు. కిటికీ పక్కనే కుట్టు మిషను, కిటికీలోంచి సందూ, బంకు గోడా కనిపిస్తున్నాయి.

"ఎవరమ్మాయివి?" అంది సూదుల మధ్యనుంచి.

గౌను చూపించాను.

"పొడవు చెయ్యాలా?"

తల ఊపాను. ఆవిడ కుట్టు విప్పడం మొదలుపెట్టింది. అది అయిపోతే నేను వెళ్ళిపోవాలి. అందుకని కిటికీ వైపు చూస్తూ అనేశాను.

"ఇక్కడ పసుపు వ్యాను ఆగుతుందా?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందకి చూసింది. "ఆ వ్యానతను నీకేమవుతాడు?"

"మా నాన్న."

ఆవిడ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"అయితే నువ్వే చెప్పు. మీ నాన్నకి మా ఇంటి ముందు ఏం పని?"

నేను తెల్లమొహం వేశాను. ఈ ప్రశ్న నేను కదా అడగాల్సింది.

"బడి ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చాడు. ఆ గోడ పక్కన ఆపుతాడు. దిగడు. మంచినీళ్ళు కూడా అడగడు. మొహం మీద తుండు కప్పుకుని కూర్చుంటాడు. ఒంటరిగా ఉన్నదాన్ని, నాకెలా ఉంటుంది? ఇంట్లో ఎవరెప్పుడు వస్తున్నారో కనిపెడుతున్నాడేమోనని మా తమ్ముడు ఒకరోజు కర్ర పట్టుకుని వెళ్ళాడు. 'ఎండ తగ్గాక వెళ్ళిపోతా బాబూ' అన్నాడట. ఎండకి కందిపోవడానికి పసిపిల్లాడా?"

"తర్వాత?"

"తర్వాతేముంది, సూర్యుడు గోడ కిందికి దిగగానే బండి కదులుతుంది. నా గడియారం అదే ఇప్పుడు. వ్యాను వెళ్ళిందంటే లైటు వేసుకుంటాను." గౌను నా ఒళ్ళో పడేసింది. "మీ నాన్నకి చెప్పు, ఆగితే ఆగమను. కానీ మొహం మీద గుడ్డ తీయమను. దొంగలా ఉంటుంది."

మా ఇంట్లో ఆవిడ మీద అనుమానం, ఆవిడింట్లో మా నాన్న మీద అనుమానం. సైకిలు తొక్కుతూ వస్తుంటే నవ్వాలో భయపడాలో తెలియలేదు.

అమ్మ గేటు దగ్గరే ఉంది. "ఏం తెలిసింది?"

"ఆవిడ కాదమ్మా."

"మరెవరు?"

ఎవరూ కాదు అన్న జవాబు అమ్మకి అక్కర్లేదు. అది చెబితే ఇంకా పెద్ద ప్రశ్న మిగులుతుంది. నాకు అప్పటికే మిగిలింది.

ఆ మర్నాటి నుంచి నూనె రాయడం మొదలుపెట్టాం. స్పాంజి మీద కొంచెం పోసి, గుండ్రంగా రుద్దుతూ పోవాలి, కాసేపు తాగనిచ్చి, మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయాలి. బూడిద రంగు మీద స్పాంజి వెళ్ళిన చోటల్లా తడిసిన నేలలా నలుపు తేలుతుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో.

నాన్న వెనక బంపరు రాస్తున్నాడు. స్పాంజి ఒక చివర మొదలై, మధ్యలో అరచేయంత జాగా వదిలేసి, మళ్ళీ అవతల అందుకుంది. నేను చూస్తూ ఉన్నాను. నాన్న అక్కడే నిలబడి తృప్తిగా చూసుకుని, తర్వాత వంగి వేలికొసలతో బంపరు పొడుగునా తడిమాడు. గరుకు తగిలిన చోట ఆగి, మళ్ళీ రాశాడు.

"కంటితో కంటే చేత్తోనే బాగా తెలుస్తుంది," అన్నాడు, నేనేమీ అడక్కపోయినా.

ఎండ గోడ మీంచి తొంగిచూడగానే ఆయన మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు చికిలించి, "ఇవాళ్టికి చాలు," అన్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు గుమ్మం కమ్మీ మీద చెయ్యి వేశాడు. ఇదివరకు వేసేవాడా? గుర్తు లేదు. అనుమానం మొదలైతే అంతే, మనిషి ఎప్పుడూ చేసే పని కూడా కొత్తగా కనిపిస్తుంది. ఆయన టీ గ్లాసు అందుకోవడం చూశాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టడం చూశాను. అమ్మ నా వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపింది, పని బాగా చేస్తున్నానని.

ఆఖరి రోజున ఎడమ అద్దం మిగిలింది.

"అది నువ్వు రాయి పిల్లీ," అని నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నేను రాయలేదు. స్పాంజి పట్టుకుని దాని పక్కన నిలబడ్డాను. నాన్న తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అయిందా?"

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే అవునని అర్థం చేసుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటు. నాన్న చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి అద్దం వైపు చూశాడు.

"కాకి రెక్కలా నిగనిగలాడుతోంది. నాకంటే నువ్వే బాగా రాశావ్."

అద్దం తొడుగు పొయ్యిలో బూడిదలా ఉంది.

ఆ రోజు డైరీ తెరిచి పక్కన పెట్టేశాను. చెబితే బడి పోతుంది. చెప్పకపోతే, అందరికన్నా ఆఖరున దిగే ఆ పిల్లవాడు. వాడు పొద్దున బడికి వెళ్తూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మా గేటు దాటేదాకా ఊపుతూ ఉంటాడు. ఏ పక్కనుంచి ఏం వస్తోందో నాన్న చూసుకుంటాడని వాడి నమ్మకం.

"రేపు బడికి నేనూ వెళ్తాను," అన్నాను అమ్మతో.

"వెళ్ళు. దారిలో ఎవరు కనిపిస్తారో చూడు," అంది అమ్మ.

మేనేజరు మధ్యాహ్నం లోపు రమ్మంటే మేం తెల్లవారకముందే బయల్దేరాం. నూనె డబ్బా, స్పాంజి ఉన్న సంచి నా ఒళ్ళో ఉంది. ఎక్కడైనా గీత పడితే సరిచేయడానికని నాన్నే పెట్టాడు.

"ముందు సీట్లో కూర్చో. నిద్రపోకు. ఏదైనా అడ్డొస్తే చెప్పు."

"సైకిలు," అన్నాను కొంచెం దూరం వెళ్ళాక.

"చూశాలే."

"కుక్క."

బ్రేకు పడింది. కుక్క మా వైపు ఒకసారి చూసి తీరిగ్గా దాటింది.

"చెట్టు కొమ్మ. ఎడమ పక్క గుంట. ఎవరో నడుస్తున్నారు, నల్ల దుప్పటి కప్పుకుని."

"ఇవాళ నీకు నోరొచ్చిందే," అని నాన్న నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ వేసవి మొత్తం ఆయనతో అన్ని మాటలు మాట్లాడలేదు.

బడి షెడ్డులో చాలాసేపు కూర్చున్నాం. పక్కన కొత్త వ్యాను వచ్చి ఆగింది. దాని డ్రైవరు దిగి, మా వ్యానుని చూసి, "అన్నా, రంగు వేయించావా?" అన్నాడు. నాన్న గర్వంగా లేదన్నాడు. నేను సంచి మూతి తిప్పుతూ కూర్చున్నాను. షెడ్డులో ఎవరూ లేనప్పుడు దిగి ఆ అద్దానికి రెండుసార్లు స్పాంజి రాస్తే అయిపోయేది. సంచి అలాగే ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను.

మేనేజరు పొట్టి మనిషి, చేతిలో తెల్ల రుమాలు. ముందు కొత్త వ్యాను చుట్టూ తిరిగాడు. తర్వాత మాది. బంపరు మీద రుమాలుతో రుద్ది, రుమాలు తిప్పి చూశాడు. తెల్లగానే ఉంది. "పర్లేదే," అన్నాడు. తలుపు పట్టీ రుద్దాడు. "మొన్న ఒకడు బూట్ పాలిష్ పూసుకొచ్చాడయ్యా." నాన్న నా వైపు చూసి కన్ను గీటాడు. "చూడు, బండి ఇలా ఉంటే తల్లిదండ్రులు ఎందుకంటారు? పిల్లలకీ నువ్వంటేనే అలవాటు," అంటూ ఎడమ పక్కకి వచ్చి ఆగాడు.

"ఈ అద్దం ఏం పాపం చేసింది? దీన్నొక్కదాన్నీ వదిలేశావ్?"

"ఏది సార్?" అన్నాడు నాన్న.

"ఎదురుగా ఉంది కదయ్యా."

నాన్న దగ్గరికొచ్చి చూశాడు. తర్వాత వేలికొసలతో తొడుగుని తడిమాడు. పొడి వేళ్ళకి అంటుకుంది. వేళ్ళు అలాగే ఉంచి, తల తిప్పి నా వైపు చూశాడు.

నూనె అయిపోయిందంటే చాలు. నేను మరిచిపోయానన్నా చాలు. మేనేజరు కూడా నేనేదో అంటానన్నట్టు నా వైపు చూశాడు. నేనెప్పుడూ ఇలాంటప్పుడు నేల చూపులు చూస్తాను. అప్పుడు మాత్రం నాన్న మొహంలోకే చూస్తూ, ఏమీ అనకుండా నిలబడ్డాను.

నాన్న వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నాకు కనబడలేదు సార్."

"ఇంత అద్దం కనబడకపోవడమేంటయ్యా," అని మేనేజరు నవ్వాడు.

"అద్దం సంగతి కాదు సార్. కళ్ళు. కిందటి వానాకాలం నుంచి మసగ్గా ఉంటోంది. ఎండ మొహాన పడితే అంతా తెల్లగా అయిపోతుంది."

మేనేజరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనేమీ కేకలు వేయలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మా వ్యానుని ఇంటికి తోలింది కొత్త వ్యాను డ్రైవరే. నాన్న వెనక పిల్లల సీట్లో కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కిటికీ మీద పిల్లలు అంటించిన బొమ్మల కాగితాల్ని వేలితో తడుముతూ, "ఇదేం బొమ్మ?" అని అడిగాడు.

"ఏనుగు నాన్నా."

"అదా," అన్నాడు.

గేటు దగ్గర అమ్మ వేరే మనిషి స్టీరింగ్ ముందు ఉండడం చూసి అలాగే నిలబడిపోయింది. నాన్న దిగి, ఆవిడ వైపు చూడకుండా, "నువ్వే చెప్పు పిల్లీ," అని అరుగు మీద కూర్చున్నాడు.

చెప్పాను. పాడైన పట్టీలు, అగ్గిపెట్టె, బట్టలు కుట్టే ఆవిడ, తుండు, అద్దం, అన్నీ. అమ్మ అంతా విని, మెట్టు మీద కూలబడింది.

"ఆవిడే అయినా బాగుండేది," అంది. "వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్ని. కళ్ళతో ఎవరు పోట్లాడతారు?"

కాసేపటికి అమ్మ గొంతు మారింది.

"ఏడాది పాటు ఆ పిల్లల్ని ఎక్కించుకునే తిరిగారా?"

"పిల్లలున్నప్పుడు చెట్ల నీడనున్న దారే పట్టేవాణ్ణి. నెమ్మదిగా వెళ్ళేవాణ్ణి. ఎండ దారి ఒక్కణ్ణే ఉన్నప్పుడే."

"నీడలో మనుషులు అడ్డురారా?"

నాన్న గుమ్మం కమ్మీ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అమ్మ ఆయన ముందు టీ గ్లాసు ఎంత గట్టిగా పెట్టిందంటే, సగం ఒలికిపోయింది. కానీ ఒలికిన చోటు తనే తుడిచి, గ్లాసుని ఆయన చేతికి తగిలేలా జరిపింది. గూట్లోని క్లిప్పు మర్నాడు నా జడకి పెట్టింది.

బడి కొత్త వ్యాను అతనికి వెళ్ళింది. డాక్టరు కాగితం తెస్తే తర్వాత చూద్దామన్నాడు మేనేజరు. వానలు పడ్డన్నాళ్ళూ ఇంట్లో అన్నీ సగం సగమే అయ్యాయి. డాక్టరు కళ్ళలో పొర వచ్చిందన్నాడు, తీసేస్తే పోతుందన్నాడు. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. అత్త నల్ల కళ్ళజోడు కొనుక్కొచ్చి, "నా తమ్ముడి సంగతి నాకు తెలియదా, నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను," అంది. ఏమంటూ ఉందో అమ్మ గుర్తుచేయలేదు.

కట్లు విప్పాక నాన్న మొదటిసారి వాకిట్లోకి వచ్చిన రోజున వాన వెలిసి, ఎండ కాసింది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని వ్యాను చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. బంపరు దగ్గర ఆగాడు. వంగాడు.

"పిల్లీ, ఇలా రా. ఇదేం రాత? ఇక్కడ వదిలేశావ్. ఇక్కడ రెండుసార్లు పూసినట్టున్నావ్, జిడ్డు కట్టింది. పసుపు రంగు మీద ఈ మరకేంటి, టేపు వెయ్యలేదా?"

అవన్నీ ఆయన రాసినవే. నేను తల వంచుకుని, ఆయన వేలు చూపించిన చోటల్లా చూస్తూ వెనకే నడిచాను. ఒక్క మచ్చ కూడా వదలడం లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. తిట్లు ఆపమని అనలేదు.

కొత్త వ్యాను డ్రైవరు ఆ రోజు బండిని తిప్పి నిలిపాడు, ఇప్పుడు ఎండంతా ఎడమ పక్క మీదే. అటు వచ్చి నాన్న ఆగిపోయాడు. అద్దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. క్లిప్పు దొరికిన రోజున అమ్మ ఆయన్ని చూసిన చూపు అది, అచ్చం అదే.

"నిజం చెప్పు. ఆ రోజు సంచిలో డబ్బా ఉంది. షెడ్డులో అంతసేపు ఉన్నాం. దీన్ని నువ్వు కావాలనే వదిలేశావ్ కదూ?"

"ఏ అద్దం నాన్నా?" అన్నాను.

నాన్న చాలాసేపు నా మొహంలోకి చూశాడు. పడమటి ఎండ తిన్నగా ఆయన కళ్ళలోనే పడుతోంది, తల తిప్పుకోలేదు. స్పాంజి తెమ్మని చెయ్యి చాపాడు. తెచ్చాక నాకివ్వకుండా, ఆ ఎండలోనే, మచ్చలు పడతాయని కూడా అనకుండా, తనే రాయడం మొదలుపెట్టాడు.